గట్టు దాటిన పుప్పొడి

(పామిడిలో పెన్నయొడ్డున కూడిన ప్రార్థనసభయందు చదువబడిన ధర్మోపన్యాసము)



పంట పోయిన యేడు ఈ సీమలో ప్రతి రచ్చబండ యొద్దను వినబడు ప్రశ్న యొకటి కలదు. "ఇది యెవరు చేసిన పాపము?" అనునదియే యా ప్రశ్న. సమాధానము తోచక కప్పను రోకలికి గట్టి, వేపమండలు చుట్టి, ఇంటింటికిని త్రిప్పి నీళ్ళు పోయింతురు. దేవళములో విరాటపర్వము చదివింతురు. చదువుకొన్న మనము దీనిని జూచి నవ్వుదుము. నవ్వుట సులభము. కాని ఆ ప్రశ్న వేయు రైతు ఒక విషయమున మనకంటె మేలైనవాడని మాకు తోచుచున్నది. తన చేనికి వచ్చిన కష్టమునకును మనుష్యుల నడవడికిని ఏదియో సంబంధ ముండవచ్చునని యాతడు నమ్ముచున్నాడు. మనమో, చేను వేఱు, నడవడి వేఱు అని యెన్నడో తీర్పు చెప్పుకొని నిశ్చింతగా నున్నాము.

నేడు మేము ఆ రైతు ప్రశ్ననే విషయముగా గైకొంటిమి. వాన కురియకుండుట నరులు చేసిన పాపమువలన నని మేము చెప్పబోము. నైరుతి ఋతుపవనము పడమటి కనుమలమీద తన భారమును దించుకొని యిటు వచ్చును. ఈశాన్య ఋతుపవనము తూర్పుతీరమున కురిసి యలసి వచ్చును. ఆ రెంటి నడుమ నున్న యీ పీఠభూమికి సాలీనా సగటున దక్కునది 550 మిల్లీమీటర్ల కటునిటుగా నుండు వానయే. ఇది కొండల యునికివలనను గాలుల నడకవలనను కలిగినది. కప్పలకు దీనితో పనిలేదు. మేము చెప్పబోవునది వానలేమికంటె వేఱైన కారణమున చేలు చచ్చిన యొక యేటి కథ. అది తెలియవలె నన్నచో జీవకోటి యీ నేలమీద ఎట్లు కూర్పబడియున్నదో ముందు కొంత తెలియవలెను.

పామిడి పొలిమేర దాటి, ఎఱ్ఱనేల మెట్టలో ఒక రేగుపొదను జూడుడు. దాని యాకును మేక తినును. పండును పిగిలిపిట్టయు నక్కయు తిని, గింజను దూరముగా విడిచి, మఱియొక రేగుపొదకు కారణములగును. దాని ముండ్ల క్రింద కుందేలు దాగును, కౌజు గ్రుడ్లు పెట్టును. రాలిన యాకును, ఎండిన పుల్లను చెదపురుగు మన్నుగా మార్చి, ఆ వేళ్ళకే మరల అప్పగించును. ఇందు ఒక్కటియు ఒంటరిగా లేదు. ఒక్క మొక్క ఒక జీవి. దానిజాతి మొక్కలన్నియు కలిసి ఒక కుటుంబము. రేగు, తంగేడు, బలుసు, మేక, నక్క, చెద యన్నియు కలిసి ఒక సంఘము. ఆ సంఘము క్రింది మన్నుతోను, పైని వెలుగుతోను, నడుమ దొరకిన నాలుగు చినుకులతోను కలిసి ఒక సంసారము. జీవులకును వాని నివాసమునకును గల యీ సంబంధమును పరిశోధించు శాస్త్రమునకు 1866లో జర్మనీ దేశపు హెకెల్ పండితుడు పేరు పెట్టెను. ఆ పేరు 'ఇల్లు' అను అర్థము గల గ్రీకు మాటనుండి పుట్టినది. 1935లో ఇంగ్లండువాడైన టాన్‌స్లీ, జీవులను మాత్రమే లెక్కించిన చాలదు, మన్నును గాలిని నీటిని సైతము అందు చేర్చి ఒక్కటిగా జూడవలెనని వాదించి, దానికి మఱియొక పేరు కల్పించెను. మనవారు దానిని ఆవరణవ్యవస్థ యనుచున్నారు. సంసారము అను పాతమాట మాకు ఎక్కువ ఇష్టము.

ఈ సంసారములో రాబడియు ఖర్చును కలవు. ఆకు సూర్యుని వెలుగును అన్నముగా వండును; వంటయింటిలో పొయ్యి యదియొక్కటే, తక్కినవారందఱు తినువారే. ఆకులో చేరిన సత్తువలో మేక శరీరమున నిలుచునది సుమారు పదవవంతు. ఆ మేకను పట్టిన తోడేలునకు అందులో మరల పదవవంతు. మిగిలినది ఊపిరిగా, వేడిగా, తినక విడిచిన శేషముగా పోవును. కావుననే గడ్డి యెకరములకొలదిగను, తోడేళ్ళు వ్రేళ్ళమీద లెక్కింపదగినన్నియు నుండును. ఈ పద్దును మొదట చక్కగా వ్రాసినవాడు రేమండ్ లిండెమన్ అను అమెరికా యువకుడు. ఆతడు చిన్నకొలను నొకదానిని ఏండ్లతరబడి శోధించి వ్రాసిన వ్యాసము 1942లో అచ్చుపడునప్పటికి, ముప్పదియేండ్లైనను నిండకయే మరణించియుండెను. సత్తువ ఒక్కదారిని వచ్చి వెడలిపోవును. మన్నులోని సారము మాత్రము చెదపురుగు చేతిమీదుగా, వానపాము చేతిమీదుగా తిరిగి తిరిగి వచ్చుచుండును. ఇంత నేర్పుతో నడచు గృహము నొకదానిని జూచి, దీనికి గృహస్థు డొకడు కలడని తలచినవారిని మేము తప్పుపట్టలేము. మేమును అట్లే తలచుచున్నాము. కాని ఆ గృహస్థునకు దండము పెట్టి, ఇంటిలోని మనుష్యులను పలుకరింపక పోవు అతిథి వంటి భక్తి మనకు అలవాటైనది.

మన పెద్దలు ఈ పద్దు చదువలేదు గాని, దానిప్రకారమే చేను విత్తిరి. జొన్న, సజ్జ, కొఱ్ఱ, కంది, అలసంద, ఆముదము ఒక్క చేనిలోనే సాళ్ళుగా పోసెడివారు. కంది వేరు లోతుగా దిగి, జొన్న కందని తేమను త్రాగును. కందియు అలసందయు గాలిలోని నత్రజనిని వేళ్ళ బుడిపెలలో పట్టి మన్నున కిచ్చును. వాన ముందుగా ఆగిన కొఱ్ఱ చేతికి వచ్చును, వెనుకగా కురిసిన కంది నిలుచును. ఒకదాని పురుగు మఱియొకదానికి పోదు. అదియు ఒక చిన్న సంసారమే. పిదప దక్షిణ అమెరికా పుట్టినిల్లుగా గల వేరుశనగ వచ్చినది. నూనెమిల్లులు వచ్చినవి, రొక్కము వచ్చినది. గత శతాబ్దము ముగియునప్పటికి జిల్లాలోని మెట్టచేలలో అధికభాగము ఆ యొక్క పైరుతోనే నిండిపోయినది. రైతు అత్యాశపడెనని మేము అనము. అప్పు తీర్పవలసినవాడు కొఱ్ఱలు పోసి తీర్పలేడు. కాని వందలమంది కాపురమున్న వీధిలో ఒక్క కుటుంబమే మిగిలిన, ఆ యింటికి వచ్చిన జబ్బు వీధియంతటికిని వచ్చినట్లే గదా.

జబ్బు 2000 సంవత్సరపు ముంగారు పంటకు వచ్చినది. లేత యాకులమీద నల్లని మచ్చలు పడెను, తొడిమ మాడెను, కాండము ఎండెను, పసిమొక్క లైనచో కొద్దిదినములలోనే మొక్కకు మొక్క చచ్చెను. చూచుటకు వెనుకటినుండి యెఱిగిన మొవ్వుకుళ్ళు తెగులువలెనే యుండెను, కాని అది కాదు. నాటి ఉమ్మడి అనంతపురం జిల్లాలో సుమారు 2,25,000 హెక్టార్ల వేరుశనగకు ఈ తెగులు తగిలెననియు, నష్టము 300 కోట్ల రూపాయలకు మించెననియు పటాన్‌చెరువులోని ఇక్రిశాట్ పరిశోధకులు లెక్కగట్టిరి. ఆ సంవత్సరమున పామిడి రచ్చబండమీద "ఎవరి పాపము" అను మాట మేము స్వయముగా విన్నాము.

శాస్త్రజ్ఞులు ఆ తెగులు జాడను వెదకుచు పోయిన దారి వినదగినది. చచ్చిన మొక్కలలో దొరకినది, పొగాకుమీద మొదట గుర్తింపబడినందున పొగాకు చారల వైరసని పిలువబడు సూక్ష్మాంశము. అది వేరుశనగ విత్తనముద్వారా రాదు. గాలిలో తనంతట ఎగురలేదు. అయినచో ఎట్లు వచ్చెను? చేల గట్లమీద, బాటల ప్రక్కల, బీళ్ళలో తెల్లని చిన్నపూలతో గుంపులుగా నిలిచియుండు వయ్యారిభామను మీ రెఱుగుదురు. కాంగ్రెసు గడ్డి యని కూడ నందురు. ఆ మొక్కలో ఈ వైరసు ఏ రోగలక్షణమును చూపక, చల్లగా కాపురముండును. దాని పుప్పొడిలో చేరును. ఆ పూలలో తామరపురుగులు, అనగా కంటికి ఆనీ యానని నలుసంత పురుగులు, నివసించును. అవి ఒంటికంటిన పుప్పొడితో గాలికి కొట్టుకొనిపోయి వేరుశనగ యాకుమీద వ్రాలును. కొంత పుప్పొడిని గాలియే మోసికొనిపోయి అదే యాకుమీద రాల్చును. పురుగు ఆకును గీరి రసము పీల్చును. ఆ గీరినచోట పుప్పొడిలోని వైరసు లోపల ప్రవేశించును. పుప్పొడి యొక్కటే పడినను భయములేదు, పురుగు గీరిన గాయమొక్కటే యైనను భయములేదు. రెండును ఒక్కచోట కలిసినప్పుడే చేను చచ్చును.

ఈ వయ్యారిభామ మన దేశపుది కాదు. ఉష్ణమండలపు అమెరికాలో పుట్టినది. మన దేశమున 1955-56 ప్రాంతమున పూనాలో గుర్తింపబడినది. దిగుమతి గోధుమలతో వచ్చెనని పెక్కుమంది తలంపు. వచ్చునప్పుడు తన్ను తిను పురుగులను అచ్చటనే విడిచి, ఒంటరిగా వచ్చినది. పశువు దానిని ముట్టదు. ఒక్కొక్క మొక్క వేలకొలది గింజలు రాల్చును. తన వేరునుండియు ఆకునుండియు వెడలు విషముచేత ప్రక్క మొక్కలను మొలవనీయదు. 1984లో బెంగుళూరులోని పరిశోధకులు దాని పుట్టినింటి యాకుతిండి పెంకుపురుగును మెక్సికోనుండి తెప్పించి విడిచిరి. అది వానకాలమున ఆకులను బాగుగనే కొఱుకును. కాని కలుపు ఇంకను మిగిలియే యున్నది. ఆకలిగల వైరి లేని జీవి యెట్లు పెచ్చుపెరుగునో దీనికంటె మంచి నిదర్శనము మాకు తెలియదు.

ఇక మా వృత్తిధర్మము ననుసరించి ఒక మాట. మేము ఇరువది యేండ్లుగా భూమి తగవులలో వాదించుచున్నాము. ప్రతి దస్తావేజునకును చెక్కుబంది యుండును: తూర్పున ఫలానివాని చేను, పడమట బాట, ఉత్తరమున వంక, దక్షిణమున గట్టు. ఆ గట్టును, మావైపు గెనెమందురు, జానెడు జరిపినందుకు అన్నదమ్ములు పదియేండ్లు న్యాయస్థానము మెట్లెక్కుట మే మెఱుగుదుము. మేమును ఆ మెట్లమీదనే జీవించుచున్నాము, దాచనేల. అయినను తామరపురుగునకు ఏ న్యాయస్థానమును సమను పంపలేదు. పుప్పొడికి చెక్కుబంది చదువరాదు.

ఈ తగవు ఇంగ్లండులో ఒకసారి విచారణకు వచ్చినది. 1890లో తీర్పైన గైల్స్-వాకర్ వ్యాజ్యములో, ఒకడు అడవినేలను దున్ని విడువగా ముండ్లకలుపు దట్టముగా పెరిగి, దాని గింజలు గాలికి ఎగిరి పొరుగువాని చేనిలో పడి మొలిచెను. పొరుగువాడు నష్టపరిహార మడిగెను. కలుపు నేలనుండి సహజముగా పుట్టినది, దానిని కోయవలసిన బాధ్యత పొరుగువానిపట్ల భూస్వామికి లేదని న్యాయాధిపతులు వ్యాజ్యమును కొట్టివేసిరి. అంతకు పూర్వమే 1868లో, తన నేలలో నీటిని నిలువచేసికొన్నవాడు అది పొరుగువాని గనిలోనికి పోయిన బాధ్యుడగునని రైలాండ్స్-ఫ్లెచర్ వ్యాజ్యమున తీర్పై యున్నను, కలుపు మనుష్యుడు తెచ్చిపెట్టినది కాదు గదా యని వారి యభిప్రాయము. తొంబదియేండ్లు గడచిన పిదప, 1980లో లీకీ వ్యాజ్యమున అప్పీలు న్యాయస్థానము, తన నేలలో సహజముగా పుట్టిన కీడైనను, ఎఱిగియు ఊరకుండినవాడు పొరుగువానికి బాధ్యుడేయని చెప్పినది. చట్టము తొంబది యేండ్లకు తెలిసికొన్నదానిని ధర్మము ఒక్కదినమున తెలిసికొనవలెను. మాకు రెండేండ్లు పట్టినది. అదియు మాయంతట మేము తెలిసికొనలేదు.

పామిడికి కొంతదూరమున మా తాతలనాటి మెట్ట ఆరెకరములు కలదు. మా తండ్రిగారు ఉద్యోగము నిమిత్తము పట్టణము చేరిన పిదప అది బీడుపడెను. పన్ను కట్టుచుంటిమి, పాసుపుస్తకము భద్రముగా నుంచితిమి. అంతటితో మా బాధ్యత తీరెనని యుంటిమి. దాని పడమటి గట్టునానుకొని యొక వృద్ధరైతు నాలుగెకరములు గుత్తకు చేసెడివాడు. 2000లో వాని చేను గట్టువైపునుండి మొదలై ఎండిపోయినది. మేమప్పుడు న్యాయశాస్త్రము చదువుచుంటిమి. రెండేండ్లకు సెలవులలో ఊరు వచ్చినప్పుడు అతడు మా వాకిటికి వచ్చి నిలువబడెను. పరిహార మడుగుటకు వచ్చెనేమో యని మేము లోలోపల సమాధానములు కూర్చుకొనుచుంటిమి. గైల్స్-వాకర్ వ్యాజ్యము అప్పుడప్పుడే చదివియుంటిమి. ఆతడు అడిగినది వేఱు.

"సామీ, మీ బీట్లో ఆ వయ్యారిభామ సెట్లు మేమే పెరుక్కుంటాం. వ్యవసాయం ఆఫీసరు పూతకు రాకముందే పెరకమన్నాడు. మీరు ఊఁ అంటే సాలు."

మేము ఊఁ అంటిమి. పెద్ద యౌదార్యము చూపినట్లు కూడ తోచినది. మఱునాడు చేనికి పోయి చూచితిమి. ఆతడును వాని భార్యయు, కోడలును వట్టిచేతులతో మా కలుపు పెఱుకుచుండిరి. ఆమె మోచేతులవఱకును దద్దురులు లేచి, గోకినచోట్ల రసి కారుచుండెను. వయ్యారిభామ ముట్టినవారిలో పలువురకు అట్లగునని మాకు తరువాత తెలిసినది. కొందఱికి ఉబ్బసము కూడ వచ్చును. "ఏమి పెద్దమ్మా, చేతులిట్లైనవి?" యని యడిగితిమి. "ఏం లేదు నాయనా, పోతాదిలే," అని ఆమె మఱియొక మొక్కను పట్టుకొనెను.

సోదరులారా, ఆ తెగులు దైవకోపమైనచో మా యింటిమీద పడియుండవలెను గదా. కలుపు పెంచినవారము మేము. పంట పోయినది వానికి, చేతులు పుండ్లైనవి వాని యింటి ఆడువారికి, నేల దస్తావేజు మాత్రము మా పెట్టెలో క్షేమముగా నున్నది. "ఎవరి పాపము" అని వాడు రచ్చబండమీద అడిగినప్పుడు సమాధానము మాయొద్దనే యుండెను. వాడు పాపమను మాటను మా ముఖము చూచి యెన్నడును అనలేదు. అనియుండినచో మేము వాదించియుందుము.

ఈ సభలో కూర్చున్నవారిలో పలువురకు ఇట్టి బీళ్ళున్నవని మే మెఱుగుదుము. బీడు పెట్టుటయే తప్పని మా భావము కాదు. బీళ్ళు రెండు విధములు. రేగు, కలివి, బలుసు పొదలు పెరిగి, వాని నడుమ బోసినేల యున్న చిట్టడవి కూడ రెవెన్యూ లెక్కలలో పనికిరాని నేలయే. అట్టి నేలలోనే కలివికోడి నివసించెను. రాత్రివేళ సంచరించు ఆ చిన్నపక్షిని జెర్డన్ అను వైద్యుడు పందొమ్మిదవ శతాబ్దపు నడుమ లోకమునకు తెలిపెను. 1900లో మన అనంతపురం దాపున కానవచ్చిన పిదప అది యే శాస్త్రజ్ఞుని కంటను పడలేదు. నశించెననుకొనిరి. 1986లో కడప జిల్లా చిట్టడవిలో మరల దొరకినది. దొరకిన తరువాతను దాని చిట్టడవి కాలువలక్రింద, చేలక్రింద తరుగుచునే వచ్చినది. అట్టి బీడు ఎవరికైన నున్నచో దానిని దున్నకుడని, చదును చేయింపకుడని చేతులు జోడించి వేడుచున్నాము. మేము నిందించునది రెండవవిధపు బీటిని. గొడ్డు తొక్కి, గొడ్డలి నఱికి, పిదప యజమాని మఱచి, ఒక్క వయ్యారిభామకే వదలివేసిన దానిని.

ఒక్కని పని ఒక్కని చేనిలో ముగియదని రైతులకు మనము నేర్పనక్కఱలేదు. ఎఱ్ఱగొంగళి సంగతి చూడుడు. దాని ప్యూపాలు నెలలకొలది గట్లలోను చెట్లక్రింది మన్నులోను నిద్రించి, తొలకరి గట్టిగా కురిసిన పిదప రెక్కలపురుగులై గుంపుగా లేచును. ఆ రాత్రులలో చేలగట్లమీద మంటలు వేసిన అవి వచ్చి పడి చచ్చును. కాని ఊరంతయు ఒక్కమాటగా వేసిననే ఫలము. ఒక్కడు వేసి పదిమంది నిద్రపోయిన, మిగిలిన పురుగు పెట్టిన గ్రుడ్లు అందఱి చేలకును చాలును. ఊరంతయు మేలుకొనిన రాత్రులను మేము చూచితిమి. బీటి యజమానులు ఆ రాత్రులలో పట్టణముననే యుండిరి.

తెగులు విషయమునను శాస్త్రజ్ఞులు చెప్పినది ఇట్టిదే. వయ్యారిభామను పూయకముందే పెఱుకవలెను. వేరుశనగ ప్రక్కనే ప్రొద్దుతిరుగుడు వేయరాదు, దానికి కూడ ఇదే వైరసు తగులును. చేనిచుట్టును ఏపుగా పెరుగు జొన్నయో సజ్జయో కొన్ని సాళ్ళు పోసిన, గాలికి కొట్టుకొనివచ్చు తామరపురుగు ఆ దడికి తగిలి ఆగును. చేని నడుమనుండి వెళ్ళగొట్టబడిన సజ్జను గట్టుమీదకి కావలికై మరల పిలుచుకొని వచ్చితిమి.

ఆ వృద్ధుడు నేడు లేడు. వాని కుమారుడు గత ముంగారున నాలుగువైపుల సజ్జ పోసి, నడుమ వేరుశనగలో ఆరుసాళ్ళకొక కందిసాలు విడిచినాడు. మా బీటిలో కలుపు ఇప్పుడు మేమే పెఱుకుచున్నాము; ఏటేటను గింజ మొలుచుచునే యున్నది, ఎంతకాలము మొలుచునో. తొలకరి పడి మూడువారములైనది. మొక్కలు ఇంకను జానెడే యున్నవి, మొగ్గ తొడుగలేదు. వచ్చు ఆదివారము తెల్లవాఱుజామున సభకు మాఱుగా అచ్చటికే పోవుదము. మన పామిడి బట్టల వ్యాపారమునకు పేరుపడిన ఊరు. ప్రతి కుట్టుదుకాణము వెనుకను పేలికలు కుప్పగా పడియుండును. శనివారము సాయంకాలము ఒక మూట అడిగి యుంచెదము. మోచేతులవఱకు చుట్టుకొనుటకు ఒక్కొక్కరికి రెండేసి చాలును. ముందుగా ఆ యింటి ఆడువారికి ఇచ్చి, మిగిలినవి మనము చుట్టుకొందము.